పాలు లేవు, పొంగు ఉంది

గేదెల పైడితల్లి ఆ సోమవారం పొద్దున్న ఎనిమిదింటికే కలెక్టరాఫీసుకి వచ్చి అర్జీల వరసలో నిలబడింది. అప్పటికే ఆవిడ ముందు నూట అరవై మంది ఉన్నారు. ఆవిడ చేతిలో రెండు కాగితాలున్నాయి. ఒకటి, రద్దయిపోయిన బియ్యం కార్డు తిరిగి ఇప్పించమని అర్జీ. రెండోది పాట.

పైడితల్లి పెళ్లిళ్లకీ జాతరలకీ పాడే ఆర్కెస్ట్రాలో గాయని. బ్యానరు మీద ఆవిడ పేరు మిస్ పల్లవి. ఆవిడ భర్త అప్పలస్వామి అదే ఆర్కెస్ట్రాలో ప్యాడ్లు వాయిస్తాడు. బ్యానరు మీద మాత్రం వాళ్లిద్దరికీ ఏ సంబంధమూ లేదు.

కార్డు రద్దవడానికి కారణం ఆవిడ తల్లి అప్పయ్యమ్మ నిజం చెప్పడం. అప్పయ్యమ్మ బస్టాండు పక్కన ఇడ్లీ బండి పెడుతుంది. మున్సిపాలిటీ వాళ్లు వీధి వ్యాపారుల సర్వేకి వచ్చి బండి ఎలాంటిదని అడిగితే, నాలుగు చక్రాల బండి అని చెప్పింది. కంప్యూటరు దాన్ని నాలుగు చక్రాల వాహనం కింద రాసుకుంది. అలాంటి వాహనం ఉన్న ఇంటికి బియ్యం కార్డు ఉండకూడదు. అందుకని రెండు నెలల కిందట కార్డు పోయింది. అది తోసుకునే బండి అని చెప్పుకోవడానికి పైడితల్లి ఐదు సోమవారాలు తిరిగింది. పౌరసరఫరాల వాళ్లు మున్సిపాలిటీకి వెళ్లమన్నారు. మున్సిపాలిటీ వాళ్లు రవాణా శాఖకి వెళ్లమన్నారు. రవాణా శాఖ వాళ్లు ముందు ఇడ్లీ బండికి రిజిస్ట్రేషను చేయించుకోమనీ, చేయించుకుంటే దాన్ని రద్దు చేస్తామనీ మర్యాదగానే చెప్పారు.

ఇది ఆరో సోమవారం. వరస కదలడం లేదు కాబట్టి ఆవిడ పై వారం శనివారం పెళ్లిలో పాడాల్సిన కొత్త పాటను కంఠస్థం చేసుకుంటోంది. ఆ నెలలో ఏ ఆటోలో విన్నా అదే పాట. తెల్లకాగితం మీద పల్లవి రాసుకుంది:

పొయ్యి మీద పాలు లేవు, పొంగు ఉందిరో
బిందెలోన నీళ్లు లేవు, చిందు ఉందిరో
కరెంటు లేని ఇంటిలోన కళ్లు వెలిగెరో
సోకు మీద పన్ను వెయ్యి సోకులరాయుడా

పన్నెండున్నరకి ఆవిడ వంతు వచ్చింది. కంగారులో రెండు కాగితాలూ కలిపి ఇచ్చేసింది. కౌంటరు దగ్గర గుమస్తా మొదటిది చూసి, ఇందులో వాహనం ఇంజను నెంబరు రాయలేదు, జతపరిచిన కాగితాల్లో ఒకటి తక్కువుంది అని వెనక్కి ఇచ్చేశాడు. రెండోది చూశాడు. అందులో జతపరిచిన కాగితాల పట్టీయే లేదు కాబట్టి ఏ కాగితమూ తక్కువ లేదు. శ్రద్ధగా ముద్ర కొట్టి, ఆవిడ పేరూ చిరునామా అడిగి రాసుకుని, 4417 అని నెంబరు వేసి, రసీదు చేతిలో పెట్టాడు.

పైడితల్లి బయటికొచ్చి చూసుకునేసరికి చేతిలో అర్జీ ఉంది, పాట లేదు. వెనక్కి పరిగెత్తింది.

“అది అర్జీ కాదు బాబూ, పాట. నాను పాడుకోడానికి రాసుకున్నాను. ఇచ్చీండి,” అంది.

ఒకసారి నెంబరు పడ్డాక కాగితం వెనక్కి ఇవ్వడం కుదరదని గుమస్తా చెప్పాడు. పరిష్కరించడం ఒక్కటే మార్గమట. నలభై రోజుల్లో పరిష్కారమైపోతుంది, కంగారు పడొద్దని ధైర్యం కూడా చెప్పాడు.

4417 సాయంత్రానికి సూపరింటెండెంటు జోగారావు గారి బల్ల మీదకి చేరింది. జోగారావు గారికి ఉద్యోగ విరమణ ఇంకా రెండు నెలలుంది. ముప్పై నాలుగేళ్లుగా అర్జీలు చదువుతున్నాడు. సినిమాలు చూడడు, ఇంట్లో రేడియో కూడా లేదు. ఆయన ఆ నాలుగు పంక్తులూ రెండుసార్లు చదివి కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. పాలు లేవు, నీళ్లు లేవు, కరెంటు లేదు. అయినా మనిషి దిగజారలేదు. ఇంకా నా దగ్గర మిగిలిన సోకు మీద కూడా పన్ను వేసుకో అని ప్రభుత్వాన్ని ఒక్క పోటు పొడిచింది. ఇంత క్లుప్తంగా, ఇంత ఆత్మాభిమానంతో రాసిన అర్జీ ఆయన సర్వీసులో చూడలేదు. ఎర్ర సిరాతో మార్జిన్లో ‘అత్యవసరం’ అని రాసి నాలుగు శాఖలకి పంపించాడు.

నాలుగు శాఖలూ గడువులోపలే జవాబులిచ్చాయి. అర్జీలో పొంగు ఉన్నట్టు అర్జీదారే ఒప్పుకున్నారనీ, పాలు లేనిదే పొంగు సాంకేతికంగా అసాధ్యమనీ, కనుక పాలు ఉన్నట్టే భావించవలసి ఉంటుందనీ పాడి శాఖ రాసింది. నీళ్లు లేని బిందెలోంచి చిందు రావడం నీటి వృథా కిందకి వస్తుందనీ, అర్జీదారుకి నోటీసు ఎందుకు ఇవ్వకూడదో తెలపమనీ నీటి సరఫరా శాఖ అడిగింది. ఇంటిలో వెలుగు ఉన్నట్టు మూడో పంక్తిలోనే నమోదై ఉన్నందున ఆ వెలుగుకి మీటరు ఉందో లేదో తనిఖీ చేస్తామని విద్యుత్ శాఖ హెచ్చరించింది. పన్నుల శాఖ మాత్రం సంతోషించింది. ప్రజలు తమంతట తాము పన్ను వేయమని కోరడం ఇదే మొదటిసారి అనీ, సోకు ఏ శ్లాబులోకి వస్తుందో పై అధికారులని అడిగామనీ తెలియజేసింది.

ఈ జవాబులన్నీ శుక్రవారం సమీక్షలో కలెక్టరు గారి ముందుకు వచ్చాయి. కలెక్టరు గారు కుర్రవాడు, ఉత్సాహవంతుడు, మన రాష్ట్రానికి కొత్త. తెలుగు కూడబలుక్కుని చదువుతారు. అందరికీ వినబడేలా అర్జీ చదవడం మొదలుపెట్టారు. రెండో పంక్తికి వచ్చేసరికి తలుపు దగ్గర నిలబడ్డ దఫేదారు కాలు తనకి తెలియకుండానే ఆడింది. మూడో పంక్తి దఫేదారే అందుకున్నాడు. రాగంతో.

కలెక్టరు గారు ఆగి, ఇది మీకెలా తెలుసని అడిగారు.

“సినిమా పాటండి బాబూ. మా మనవరాలు కూడా పాడద్ది,” అన్నాడు దఫేదారు.

జోగారావు గారు తల వంచుకున్నాడు. అర్జీని కొట్టేయడానికి కంప్యూటరులో చూశారు. కొట్టేయడానికి పదకొండు కారణాలున్నాయి గానీ ‘పాట’ అన్న కారణం లేదు. అంతకన్నా పెద్ద చిక్కు మరొకటి ఉంది. అది పాటే అయితే నాలుగు శాఖల జిల్లా అధికారులు సంతకం పెట్టి, నెంబరు వేసి, ఒక సినిమా పాటతో వాదించినట్టు అవుతుంది. ఆ సంగతి బయటికి పొక్కకూడదని అందరూ ఏకాభిప్రాయానికి వచ్చారు. కాబట్టి ఇది పాట రూపంలో ఉన్న ప్రజల ఆర్థిక ఇబ్బందుల నివేదన అని తీర్మానం రాసుకున్నారు. సినిమా పాటల్లో జనం గోడు వినే వినూత్న ప్రయత్నం మా జిల్లాలో మొదలైందని రాజధానికి ఒక లేఖ కూడా పంపారు, ఎందుకైనా మంచిదని.

రాజధాని వాళ్లు ముగ్ధులైపోయారు. నాలుగు రోజుల్లో ఉత్తర్వులు వచ్చాయి. జిల్లాలో గేయార్థ నిర్ధారణ సంఘం ఏర్పాటు చేయవలసిందనీ, ప్రజాదరణ పొందిన గేయాలలో నిక్షిప్తమై ఉన్న జీవనవ్యయ భారాన్ని వెలికితీయవలసిందనీ అందులో ఉంది. సంఘానికి అధ్యక్షుడుగా డిగ్రీ కళాశాల తెలుగు అధ్యాపకులు డాక్టర్ అవసరాల విశ్వపతి గారిని డెప్యుటేషను మీద తెచ్చారు. ఆయన శాఖలో విద్యార్థులు లేక నాలుగేళ్లుగా కళాశాలలో వాలీబాల్ జట్టుని చూసుకుంటున్నారు. ఆ రోజు ఆయన కండువా ఇస్త్రీ చేయించుకుని వచ్చారు.

మొదటి సమావేశంలోనే విశ్వపతి గారు పాటను విప్పి చూపించారు.

“పామరులు సోకు అంటే అందం అనుకుంటారు. సోకడం అంటే తగలడం. తగిలిన దెబ్బ మీద మళ్లీ పన్ను వేస్తావా అని నాయిక నిలదీస్తోంది. ఎవర్ని? సోకులరాయుణ్ని. రాయుడనగా ప్రభువు. ప్రభువు యొక్క భావమే ప్రభుత్వం. కనుక ఇది ప్రభుత్వాన్ని సంబోధిస్తూ చెప్పిన గేయం. ఆ ప్రభువుని ఉందిరో అని ఏకవచనంలో పిలవడం ప్రజాస్వామ్యం,” అన్నారు.

అధికారులు రాసుకున్నారు. పాటలో నాయిక నడుము మీద కెమెరా నిమిషంన్నర సేపు ఎందుకుందని ఎవరో అడిగారు. అది తిండి లేక సన్నబడిందని చూపించడానికేనని విశ్వపతి గారు జవాబిచ్చారు.

పాట రాసిన కవిగారికి హైదరాబాదుకి ఉత్తరం వెళ్లింది. ట్యూను ఇచ్చి ఇరవై నిమిషాల్లో రాయమంటే రాశాననీ, అర్థం గురించి తనని ఇంతవరకు ఎవరూ అడగలేదనీ ఆయన జవాబు రాశాడు. సంఘం దాన్ని పరిశీలనార్హం కాదని పక్కన పెట్టింది. వారం తరవాత, ఒక టీవీ వాళ్లు ఇంటర్వ్యూకి వచ్చి వెళ్లాక, కవిగారి దగ్గర్నుంచి రెండో ఉత్తరం వచ్చింది. పేదింటి పొయ్యిలే తన పల్లవులనీ, ఆ పాట రాస్తూ మూడుసార్లు కలం పక్కన పెట్టి ఏడ్చాననీ అందులో ఉంది. దాన్ని అనుబంధంగా చేర్చారు.

గణాంక శాఖ కూడా వెనకబడలేదు. ఊరూరా పాట వినిపించి, ఏ పంక్తికి ఎన్ని ఈలలు పడుతున్నాయో లెక్కకట్టి ‘కష్ట సూచిక’ తయారుచేసింది. నీళ్ల పంక్తికి ఎక్కువ ఈలలు పడ్డ మండలాల్లో నీటి ఎద్దడి ఎక్కువని తేల్చింది. ఆ పంక్తి దగ్గరే డాన్సరు గిర్రున తిరుగుతుందన్న సంగతి సూచికలో చేరలేదు.

అసలు ఇబ్బంది ఉత్తర్వుల చివరి పేరాతో వచ్చింది. పాట అర్జీ అయినప్పుడు, దాన్ని ఎక్కడ పాడినా అర్జీ పెట్టినట్టే. కాబట్టి ఆ గేయాన్ని బహిరంగంగా పాడేచోట అర్జీ స్వీకరించడానికి ఒక అధికారి హాజరుగా ఉండాలి.

ఆ శనివారం పెళ్లిలో పైడితల్లి స్టేజీ ఎక్కేసరికి ముందు వరసలో, మగపెళ్లివారి కుర్చీల మధ్య, రెవెన్యూ ఇన్‌స్పెక్టరు ఇన్‌వార్డు రిజిస్టరు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. ఆవిడ పాట పాడింది. జనం లేచి గంతులేశారు. ఇన్‌స్పెక్టరు గంతులేసినవాళ్ల పేర్లు సహ అర్జీదారుల కింద రాసుకోవడం మొదలుపెట్టాడు. పెళ్లికొడుకు స్నేహితులు వన్స్ మోర్ అని అరిచారు. వన్స్ మోర్ అంటే అదే విషయం మీద రెండో అర్జీ అవుతుందనీ, మొదటిది పెండింగులో ఉండగా రెండోది తీసుకోవడానికి వీల్లేదనీ ఇన్‌స్పెక్టరు లేచి మైకులో ప్రకటించాడు. పెళ్లికూతురి మేనమామ ఉత్సాహం ఆపుకోలేక పాట చివర్లో ప్లేటులోని లడ్డూ గాల్లోకి విసిరాడు. అది ఆహార కొరత మీద నిరసన కింద రిజిస్టరులో ఎక్కింది.

మర్నాడు ఆర్కెస్ట్రా యజమాని, ఆ పాట ఇక మన జాబితాలో లేదని చెప్పేశాడు. కానీ ఆ సీజనులో పెళ్లివాళ్లు అడుగుతున్నది ఆ పాటే. అది లేదంటే పక్క జిల్లా ఆర్కెస్ట్రాని మాట్లాడుకుంటున్నారు. మూఢం రావడానికి ఇంకా ఇరవై రోజులుంది. ఆ ఇరవై రోజుల్లో పైడితల్లికి ఒక్క పిలుపు కూడా రాలేదు. అప్పలస్వామి ప్యాడ్లకి గుడ్డ కప్పేశాడు. ఇంట్లో అప్పయ్యమ్మ అమ్మగా మిగిలిన ఇడ్లీలే రెండు పూటలా తిండి. పాటలు పాడుకుంటూ బతుకుతున్న మనిషికి బియ్యం పోయి, ఇప్పుడు పాట కూడా పోయింది.

ఇలాంటప్పుడు కలెక్టరాఫీసు నుంచి ఆవిడకి కబురొచ్చింది. అర్జీ మూయాలంటే అర్జీదారు సంతృప్తి చెందినట్టు వేలిముద్ర వేయాలి. గడువు దగ్గర పడుతోంది. సంతృప్తి పరచడానికి నాలుగు శాఖల వాళ్లూ ఆవిడ ఇంటికే తరలి వచ్చారు. పాడి శాఖ వాళ్లు అర లీటరు పాలు తెచ్చి, ఆవిడ పొయ్యి మీద పెట్టి, పొంగేదాకా మంట పెంచి, పాలకీ పొంగుకీ వేరు వేరుగా ఫోటోలు తీశారు. పాలు నేల పాలయ్యాయి. నీటి సరఫరా వాళ్లు ట్యాంకరు తెచ్చి వాకిట్లో కొళాయి పక్కనే ఆపి, ఉన్న బిందెలన్నీ నింపారు. విద్యుత్ వాళ్లు వెలుగుతున్న బల్బు తీసి ఇంకో బల్బు పెట్టారు. పన్నుల శాఖాధికారి ఫ్రేము కట్టిన పత్రం ఒకటి అందించాడు. గేదెల పైడితల్లి సోకుని అన్ని రకాల పన్నుల నుంచీ ఈ ఆర్థిక సంవత్సరానికి మినహాయించినట్టు అందులో ఉంది. అప్పలస్వామి ఆ పత్రాన్ని రెండుసార్లు చదివి, పెళ్లాం వంక కొత్తగా చూశాడు.

తరవాత వేలిముద్ర యంత్రం ముందుకు జరిపారు. పైడితల్లి చెయ్యి వెనక్కి పెట్టుకుంది.

“మాకు పాలున్నాయి బాబూ. కొళాయొస్తాది. కరెంటుంది. నేనిదల్లా బియ్యం కార్డే. అదిప్పించండి, ఏలిముద్ర ఎన్నిసార్లైనా ఏస్తాను,” అంది.

విశ్వపతి గారు పాట ప్రామాణిక ప్రతి తీసి మొదటి నుంచి చివరిదాకా వేలుపెట్టి చూశారు. గొంతులో నిజమైన బాధతో చెప్పారు.

“పాటలో బియ్యం లేవమ్మా.”

ఉంటే ఇచ్చేవాళ్లమని పౌరసరఫరాల అధికారి కూడా అన్నాడు. పైడితల్లి కొంచెంసేపు ఆలోచించింది. అయితే బియ్యం ఉన్న పాట ఇస్తే తీసుకుంటారా అని అడిగింది. ఉత్తర్వులు తిరగేశారు. గేయం సినిమాదే అయి ఉండాలని ఎక్కడా లేదు. తప్పకుండా పరిశీలిస్తామని మాట ఇచ్చారు. ఆ మాట మీద ఆవిడ వేలిముద్ర వేసింది. 4417 మూతపడింది. ఆ సాయంత్రం రాజధానిలో ఎవరో పెద్దవారు చప్పట్లు కొట్టారని తెలిసింది.

పైడితల్లి ఎన్నడూ పాట రాసిన మనిషి కాదు. పదిహేనేళ్లుగా ఇతరులు రాసినవి పాడింది. మూడు రోజులు బండి దగ్గర ఇడ్లీలు అందిస్తూ, గిన్నెలు తోముతూ కట్టుకుంది. అప్పలస్వామి బల్ల మీద వేళ్లతో తాళం వేశాడు. సోమవారానికి పాట తయారైంది. ఈసారి అర్థం కోసం ఎవరూ కష్టపడకూడదని ఆవిడ పట్టుదల. తన బాధ ఉన్నది ఉన్నట్టు పెట్టింది:

బియ్యం లేవు బియ్యం లేవు బియ్యమే లేవు
కార్డు తీసి మూడు నెలలు, కబురే లేదు
ఇడ్లీ బండి కారు కాదు, ఇంజనే లేదు
అన్నం వండి ఎన్నాళ్లాయె ఆఫీసరోడా

సంఘం దీని మీద మూడు సార్లు కూర్చుంది. అప్పటికి విశ్వపతి గారి చెయ్యి తిరిగింది. జిల్లా మీద వినిపించే నూట ఇరవై పాటల్లో కష్టాలు వెలికితీసి ఉన్నారు. పైకి కనిపించే అర్థాన్ని చూస్తేనే ఆయనకి అనుమానం వచ్చే స్థితికి చేరారు.

“నిజంగా బియ్యం కావలసినవాళ్లు ఒక్కసారి అడుగుతారు. ఇందులో మూడుసార్లుంది. కాబట్టి ఇవి తినే బియ్యం కావు, తలంబ్రాలు,” అని తేల్చారు.

అది తేలాక మిగతావన్నీ వాటంతటవే విడిపోయాయి. కార్డు అంటే శుభలేఖ. అచ్చువేయించి మూడు నెలలైనా వరుడి కబురు లేదు. ఇంజను లేని బండి తోడు లేని యవ్వనం. ఆఫీసరోడు అన్న పిలుపులో చనువు గమనించవలసిందిగా సభ్యులని కోరారు. సభ్యులు గమనించారు. ఇది శృంగార గేయమనీ, ఇందులో ఆర్థిక అంశం ఏదీ లేదనీ ఏకగ్రీవంగా తీర్మానించి, త్వరలో వివాహప్రాప్తి కలగాలని ఆశీర్వదిస్తూ అర్జీని ముగించారు.

తీర్మానం నకలు, పాట కాగితంతో సహా, పైడితల్లి ఇంటికి వచ్చింది. అప్పలస్వామి చదివి, ఆ ఆఫీసరు ఎవరని అడిగాడు. ఏ ఆఫీసరూ లేడు, ఉంటే బియ్యం వచ్చుండేవని పైడితల్లి చెప్పింది.

మర్నాడు ఆవిడ ఆ కాగితాలు పట్టుకుని కలెక్టరాఫీసుకి వెళ్లింది. ఎవరిని అడగాలో తెలియక మెట్ల మీద కూర్చుంది. భోజనాల వేళ జోగారావు గారు క్యారియరు పట్టుకుని అటుగా వచ్చాడు. ఆవిణ్ని గుర్తుపట్టాడు. నిజానికి ఆయన ఆ వారాల్లో ఆవిడ కంటబడకుండా తిరుగుతున్నాడు. సర్వీసులో మొదటిసారి ఒక అర్జీ చదివి తన కళ్లు చెమ్మగిల్లితే అది సినిమా పాట అయింది. ఇప్పుడు ఆవిడ చేతిలోని రెండో పాట చూశాడు. ఇది పాటైతే మాత్రం ఏం, చదవగానే తెలిసిపోతోంది, ఈ మనిషికి బియ్యం లేవు. ఇంతమంది చదివిన కాగితంలో ఉన్న విషయం ఇంత తేటగా ఉండడం ఆయనకి సిగ్గనిపించింది. ఆవిడ పక్కనే మెట్టు మీద కూర్చున్నాడు.

“నువ్వు తప్పు రాశావమ్మా. బియ్యం కావాలంటే బియ్యం అని రాయకూడదు,” అన్నాడు మెల్లగా.

“మరేటి రాయాలి బాబూ?”

“ఇంకేదైనా అడుగు. తెల్లగా ఉండేది. మిగతాది వాళ్లే చూసుకుంటారు.”

అలా అని తన క్యారియరులో పెరుగన్నం గిన్నె ఆవిడ ముందు పెట్టాడు. ఆవిడ వద్దనలేదు.

ఆ సోమవారం పైడితల్లి ఇచ్చిన కాగితంలో ఈ పాట ఉంది:

మల్లెపూలు దోసిలితో ఒడిలో పొయ్యరా
తెల్లతెల్ల మొగ్గలన్నీ మూటగట్టరా
నెలనెలా ఒకటో తేదీ నన్ను చూడరా
వేలిముద్ర వేసుకుంటా వెన్నెలరేడా

విశ్వపతి గారు చదివి, కాగితం బల్ల మీద పెట్టి, కండువాతో కళ్లు ఒత్తుకున్నారు. ఇలాంటి ఆకలి తాను ప్రబంధాల్లో కూడా చూడలేదన్నారు. మల్లెలు అంటే ఏమిటో వివరించబోతే పౌరసరఫరాల అధికారే చెయ్యెత్తి, వివరించనక్కరలేదు, తెలుస్తోందని గద్గదంగా అన్నాడు. నలభై ఎనిమిది గంటల్లో కార్డు వచ్చింది. నాలుగు చక్రాల వాహనం సంగతి ఎవరూ ఎత్తలేదు, పాటలో వాహనం లేదు కాబట్టి. డిపో డీలరు మంజూరు కాగితం చూసి, ‘మల్లెపూలు, మనిషికి నెలకి ఐదు కిలోలు’ అని ఉన్నచోట తల గోక్కున్నాడు. తరవాత పక్కన ఆకుపచ్చ సిరాతో ఉన్న సంఘం వారి టిప్పణి చదువుకుని బియ్యం తూచి పోశాడు. ఆ పూట అప్పయ్యమ్మ ఎసరు పెట్టింది. అప్పలస్వామి మూడుసార్లు అన్నం పెట్టించుకుని, ఆఫీసరు మాట మళ్లీ ఎత్తలేదు.

కబురు వరసలో నిలబడేవాళ్లకి పాకింది. ముందు ఇద్దరు ఆడవాళ్లు వచ్చి పింఛనుకి పాట కట్టిపెట్టమని అడిగారు. తరవాతి వారం పదిమంది వచ్చారు. పైడితల్లి ఆర్కెస్ట్రా మానేసి, కలెక్టరాఫీసు గోడ పక్కన, అర్జీలు రాసేవాళ్ల వరసలో గొడుగు వేసుకుని కూర్చుంది. పక్కన అప్పలస్వామి చిన్న బల్ల మీద వేళ్లతో తాళం వేస్తాడు, మాత్రలు సరిపోవాలి కదా. రోడ్డు గుంతలకి చెక్కిలి సొట్టలని రాసింది. వీధి కుక్కల బెడదకి వెంటపడే ప్రియుడని రాసింది. మురుగు కాలవకి కాటుక కన్నీరని రాసింది. అన్నీ మంజూరయ్యాయి. జోగారావు గారు రిటైరయిన మర్నాటి నుంచి ఇంట్లో తోచక, కుర్చీ తెచ్చుకుని ఆవిడ పక్కనే కూర్చుంటున్నాడు. ఎవరి పాటలోనైనా పొరపాటున నిజం దొర్లిందేమో చూసి, ఎర్ర సిరాతో కొట్టేయడం ఆయన పని.

మొన్న సోమవారం డెబ్బై ఏళ్ల రైతు ఒకాయన వచ్చి గొడుగు కింద గొంతుక్కూర్చున్నాడు. ఏం కావాలని పైడితల్లి అడిగింది. పొలం దగ్గర ట్రాన్స్‌ఫార్మరు కాలిపోయి నెలైందట, మోటారు ఆడటం లేదట, వరి ఎండిపోతోందట. ఆవిడ కళ్లు మూసుకుని కాసేపు పెదాలు కదిపింది. తరవాత రాసి చదివి వినిపించింది:

చీకటింట ఎదురుచూపు చందమామా రా
నీ సెగ తగలక నా సోయగం ఎండెనురా

ముసలాయన తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు.

“ఇది ఆడమనిసి పాట నాగుందమ్మా. మా ముసల్దానికి తెలిస్తే?”

“తెలిస్తే ఏటవుద్ది తాతా, చేలోకి నీళ్లొస్తాయి,” అంది పైడితల్లి.

జోగారావు గారు కాగితం అందుకుని పరిశీలించాడు. ట్రాన్స్‌ఫార్మరు అన్న మాట ఎక్కడా లేదు, బాగుందని తల ఊపి, వేలిముద్ర సిరా పెట్టె ముందుకు జరిపాడు. ముసలాయన అటూ ఇటూ చూశాడు. తెలిసినవాళ్లు ఎవరూ లేరని నిర్ధారించుకున్నాక, కాగితం అడుగున ‘ఇట్లు, మీ విరహిణి’ అని ఉన్నచోట ఎడమ బొటనవేలు గట్టిగా అద్దాడు.